అయిదో గడిలో రాయవలసిన పేరు

1968 సెప్టెంబరు పన్నెండవ తేదీ, గురువారం, ఉదయం పదిన్నర గంటలకు మన జిల్లా గణాంక సమన్వయ విభాగపు గుడివాడ శాఖలో దిగువ శ్రేణి గుమాస్తాగా లీలావతి గారు బాధ్యతలు స్వీకరించారు. తేదీతో పాటు వారమూ వేళా ఇంత నిక్కచ్చిగా చెప్పగలగడం మన విభాగపు ఘనత అని ఎవరూ పొరపడవద్దు. వారి చేరిక పత్రం మన బీరువాలో చెదల పాలై చాలా కాలమయింది. ఆనాడు తమ సొంత నోటుపుస్తకంలో వారే తేదీ వేసి, వేళ వేసి, "గోడ గడియారం చూసి రాశాను, గడియారం అయిదు నిమిషాలు ముందుంది" అని కూడా చేర్చి, కింద పేరు రాసుకున్నారు. ఇరవై రెండేళ్ళ వయసులో, ఉద్యోగంలో అడుగుపెట్టిన మొదటి గంటలో, ఎవరూ చెప్పకుండానే వారు చేసిన పని అది. అదే పని మన విభాగం చేత చేయించడానికి వారికి ముప్ఫై ఆరేళ్ళు పట్టింది.

పదవీ విరమణ సంచికలో చల్లని మాటలు నాలుగు రాసి, శాలువా కప్పి, ఫోటో దిగి, విశ్రాంత జీవితం సుఖంగా గడవాలని కోరి సాగనంపడం మన ఆచారం. ఆ మాటలన్నింటికీ శ్రీమతి మండవ లీలావతి గారు సంపూర్ణంగా అర్హులు. అయితే వారి సేవను ఉన్నదున్నట్టు చెప్పాలంటే వారికి అడ్డం పడినవారి గురించి కూడా చెప్పక తప్పదు, చెబుతూ ఉంటే ఒళ్ళు మండకా తప్పదు. ఈ వ్యాసంలో ఒక గుమాస్తా వస్తాడు. అతని పేరు చివర్లో చెబుతాం. పదహారేళ్ళు ఆగిన పేరు మరో నాలుగు పుటలు ఆగగలదు.

పామిడిముక్కల దగ్గరి వరి రైతుల కుటుంబంలో జన్మించిన లీలావతి గారు గుడివాడలో పదేళ్ళు పనిచేసి, 1978లో, ఉప్పెన వచ్చిపోయిన మరుసటి ఏడు, అవనిగడ్డ శాఖకు బదిలీ అయ్యారు. మనుషులు మిగలని ఊళ్ళకు మనుషుల లెక్క రాయవలసిన రోజులవి. చెప్పులు చేత్తో పట్టుకుని దివిసీమ గట్ల మీద నడిచి, ప్రతి గుమ్మం ముందూ నిలబడి, ఇంటివాళ్ళతో మాట్లాడి గాని ఒక్క అంకె కూడా వేయని అలవాటు వారికి అక్కడే స్థిరపడింది. ఉపాధ్యాయులైన వారి భర్త ఈశ్వరప్రసాద్ గారు ఆ రోజుల్లో ఇంటి పనీ పిల్లల పనీ తామే చూసుకుని, సాయంత్రం బస్టాండుకు గొడుగు పట్టుకుని వచ్చేవారట. 1987లో పర్యవేక్షకురాలిగా పదోన్నతి పొంది లీలావతి గారు మచిలీపట్నం ప్రధాన కార్యాలయానికి వచ్చారు. గ్రామ వివరాల రిజిస్టర్లన్నీ వారి అధీనంలోకి వచ్చాయి. అంతవరకూ ఎవరి ఉద్యోగ జీవితమైనా ఇంచుమించు ఇలాగే రాయవచ్చు.

కోడూరు దాటి, కరకట్ట దిగి, ఉప్పుకాలువ వెంట సముద్రం వైపు వెళ్తే గవ్వలదిబ్బ అనే పాలెం వస్తుంది. అరవై మూడు ఇళ్ళు. అందరిదీ సముద్రపు వేట. కార్తీకం వెళ్ళగానే పిల్లాపాపలతో పడవలెక్కి, ఏటి మొగకు అవతలి దిబ్బల మీదికి మకాం పోయి, మాఘం దాటాక తిరిగి రావడం వాళ్ళకు తాతల నాటి నుంచీ ఉన్న పద్ధతి. వెళ్ళే ముందు ప్రతి ఇల్లాలూ పొయ్యి అలికి, దాని మీద కుండ బోర్లించి, వాకిలికి తడిక కట్టి వెళ్తుంది. పొయ్యి మీద బోర్లించిన కుండ ఉంటే ఆ ఇంటివాళ్ళు తిరిగి వస్తారని అర్థం. అది తెలుసుకోవడానికి గణాంక శాస్త్రంలో పట్టా అక్కర్లేదు. తడిక పక్కకు జరిపి తొంగి చూస్తే సరిపోతుంది.

1988 జనవరిలో గ్రామ వివరాల కోసం మన కార్యాలయం నుంచి వెళ్ళిన గుమాస్తా తొంగి చూడలేదు. గట్టు దాకా సైకిలు తొక్కి, మూసి ఉన్న తడికలు దూరం నుంచి చూసి, గవ్వలదిబ్బకు ఎదురుగా "ఖాళీ" అని రాసి వెనక్కి తిరిగాడు. ఆ ఫారంలో రెండే మాటలకు చోటుంది: నివాసం, ఖాళీ. మకాం వెళ్ళిన ఊరికి అందులో మాట లేదు. ఎదురుగాలి వీచిందనీ, కాలువలో మోకాలి లోతు బురద ఉందనీ, శనివారంలోగా ఇరవై రెండు ఊళ్ళు పూర్తి చేయవలసి వచ్చిందనీ అతను తర్వాత చెప్పుకున్నాడు. బురద కడుక్కుంటే పోయేది. రిజిస్టరులో పడిన ఆ మాట పోలేదు.

పోకపోగా సంతానం పెట్టింది. మరుసటి ఏడు లెక్క రాసినవారు కోడూరు దాకా వెళ్ళే కష్టం లేకుండా అతని పేజీ చూసి ఎత్తి రాశారు. మన రిజిస్టరు చూసి ఒక ప్రభుత్వ శాఖ రాసుకుంది, ఆ శాఖను చూసి ఇంకో శాఖ రాసుకుంది. తుఫాను వస్తే ఏయే ఊళ్ళవారిని తరలించాలో చెప్పే జాబితా కూడా ఆ వరసలోనే తయారయింది. 1990 మే నెల తుఫానుకు మైకులు కట్టిన జీపులు ఊరూరా తిరిగాయి, గవ్వలదిబ్బకు మాత్రం వెళ్ళలేదు. ఎవరూ లేని ఊరికి జీపు ఎందుకు పంపుతారు? ఆకాశం చూసి పాలెం వాళ్ళు తమంతట తామే బయలుదేరి, పిల్లలను చంకనేసుకుని కాలువ లాకుల దగ్గరి భవనానికి చేరారు. వలలు తెచ్చుకుంటానని వెనక్కి వెళ్ళిన పున్నయ్య అనే అరవై ఏళ్ళ మనిషి చేరలేదు. అరవై మూడు ఇళ్ళూ నేలమట్టమయ్యాయి. వారం తర్వాత దివిసీమలో బియ్యం పంచారు. జాబితాలో లేని ఊరు కూలిపోయిందని ఒప్పుకోవడానికి ఏ అధికారికీ మనసు రాలేదు, అందుచేత గవ్వలదిబ్బకు గింజ కూడా అందలేదు.

ఆ జూన్ నెలలో పున్నయ్య గారి భార్య వీరమ్మ గారు బస్సులు మారి మచిలీపట్నం వచ్చారు. మన ఫైళ్ళలో ఆమె పేరు పక్కన ఎక్కడా "గారు" లేదు. ఇక్కడ ఉంటుంది. ఆమె నేరుగా లీలావతి గారి బల్ల ముందుకు వచ్చి నిలబడ్డారు.

"ఊళ్ళ లెక్క రాసేది ఎవరమ్మా ఇక్కడ?"

"నేనేనండీ. కూర్చోండి."

"కూచోటానికి రాలేదమ్మా. మా పాలెంలో మనుషులే లేరని రాశారంట గదా. కోడూరు ఆఫీసులో చెప్పారు. నేను లేనా? సచ్చిపోయినాయన లేడా? ఎవరు రాశారో ఆ మడిసిని నాకు చూపిచ్చు. ఒక్క మాట అడిగి ఎల్లిపోతా."

లీలావతి గారికి ఓదార్పు మాటలు చేతకావు. రిజిస్టరు తీసి ఆ పేజీ చూశారు. "ఖాళీ" అన్న మాట ఉంది. లెక్కించిన తేదీ లేదు, రాసినవారి పేరు లేదు, ఎవరిని అడిగి రాశారో లేదు. కాని ఆ చేతిరాత ఎవరిదో వారికి చూడగానే తెలిసింది. ఆ రాత గల మనిషి మూడు బల్లల అవతల తల వంచుకుని కూర్చుని ఉన్నాడు. చేతిరాత చూసి తాము పేరు చెబితే అది అనుమానం అవుతుంది, రాసినవాడు తానే చెబితేనే అది నమోదు అవుతుంది అన్నది వారి నియమం.

"ఎవరు రాశారో ఈ కాగితం మీద లేదండీ," అన్నారు లీలావతి గారు. "లేకపోవడం మా తప్పు. అది ఉండేలా చేస్తాను. చేశాక మీ దగ్గరికి నేనే వస్తాను."

"నేను బతికుండగానే రా తల్లీ," అని వీరమ్మ గారు వెళ్ళిపోయారు.

ఆ మాటే లీలావతి గారి మిగిలిన ఉద్యోగమంతా. రిజిస్టరు సవరిద్దామని పై అధికారి దగ్గరికి వెళ్తే, "ఆరు శాఖల జాబితాల్లో ఖాళీ అనే ఉంది కదమ్మా, అందరూ అబద్ధమాడతారా?" అన్నారు ఆయన. లీలావతి గారు పద్దెనిమిది రోజులు తిరిగి ఆ ఆరు జాబితాలూ తెప్పించుకుని, ఏది దేన్ని చూసి రాసిందో ఒక్కొక్కటే వెనక్కి పట్టుకుంటూ వచ్చి, ఆరింటికీ మూలం మన విభాగంలోని ఆ ఒక్క పంక్తేనని తేల్చారు. "వీళ్ళు ఆరుగురు సాక్షులు కారండీ. ఒక్కడే ఆరు చొక్కాలు మార్చుకుని వచ్చాడు," అని నివేదికలో కాదు గాని ముఖాననే చెప్పారు. ఆగస్టులో గవ్వలదిబ్బకు బియ్యం వెళ్ళింది. ఆలస్యానికి కారణం రాయవలసిన చోట మన విభాగం "రవాణా ఇబ్బందులు" అని రాసింది. దానికి సిగ్గుపడినవాళ్ళు ఆనాడు మన కార్యాలయంలో ఒక్కరే ఉన్నారు.

లీలావతి గారి పదకొండు వినతుల ఫలితంగా 1991 ఫిబ్రవరిలో "గ్రామ వివరాల ఉమ్మడి నమూనా సంఘం" ఏర్పడింది. ఏడు శాఖల నుంచి ఒకరిద్దరు చొప్పున ప్రతినిధులు, అధ్యక్షులుగా గోవర్ధనరావు గారు, కార్యదర్శిగా లీలావతి గారు, సమావేశ వివరాలు రాయడానికి మన విభాగం నుంచి ఒక గుమాస్తా. ఆ గుమాస్తా ఎవరనుకున్నారు? సైకిలు మీద గట్టు దాకా వెళ్ళి వచ్చిన మనిషే. గోవర్ధనరావు గారు చెడ్డవారు కారు, ఎవరినీ నొప్పించరు. ఎవరినీ నొప్పించకుండా ఉండాలంటే ఏదీ తేల్చకూడదని నమ్మినవారు. "తర్వాతి సమావేశంలో చూద్దామండీ" అన్న మాట వారి నోట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడితే దానికే ఒక రిజిస్టరు పట్టేది.

మొదటి రెండేళ్ళూ ఒక్క ప్రశ్న మీద గడిచాయి: ఇల్లు అంటే ఏమిటి? పామిడిముక్కల మండలంలో ఒక ఊరిని పరీక్షకు తీసుకుంటే తలుపు నంబర్లు లెక్కించే శాఖ 412 అన్నది, కరెంటు మీటర్లు లెక్కించే శాఖ 388 అన్నది, రేషను కార్డులు లెక్కించే శాఖ 530 అన్నది, పొయ్యిలు లెక్కించే శాఖ 471 అన్నది. ఒకే కప్పు కింద ఇద్దరు అన్నదమ్ములు వేరు పడితే తలుపు ఒకటే, పొయ్యిలు రెండు. ఈ చిన్న సంగతి ఒప్పుకోవడం మానేసి, నాది నిజం, నీది తప్పు అని ఏడు శాఖలూ పాలివాళ్ళు గట్టు కోసం కొట్లాడినట్టు కొట్లాడాయి. ప్రతి శాఖకూ తన అంకె పరువు, పక్క శాఖ అంకె నేరం. ఆ గొడవ మధ్య లీలావతి గారు అన్న మాట సమావేశ వివరాల్లోకి ఎక్కలేదు, ఇక్కడ ఎక్కిస్తున్నాం. "నాలుగూ నిజమేనండీ. ఏది ఒప్పో తర్వాత తేల్చుకోవచ్చు. మీరు లెక్కపెట్టింది తలుపా, పొయ్యా అన్నది ముందు ఆ అంకె పక్కన రాయండి."

దాని నుంచి వారి అయిదు గడులు పుట్టాయి. ప్రతి అంకె పక్కనా అయిదు ప్రశ్నలకు జవాబు ఉండాలని వారి ప్రతిపాదన: దేన్ని లెక్కించారు, ఏ రోజున, ఎవరిని అడిగి, మరో జాబితా నుంచి ఎత్తి రాస్తే ఏ జాబితా, చివరగా రాసినవారు ఎవరు. లెక్క ఎంత ముఖ్యమో లెక్క గురించిన ఈ వివరం అంతే ముఖ్యమని మనకిప్పుడు కంప్యూటర్ల వాళ్ళు వచ్చి పాఠం చెబుతున్నారు. ఆనాడు ఒక గుడివాడ గుమాస్తా నోటుపుస్తకంలోంచి వస్తే అది చాదస్తమని ఏడు శాఖలవారూ నవ్వారు.

నవ్వు ఆగింది 1994లో, గుడివాడ సమావేశంలో. ఆ రోజు ఫలహారానికి వేడి వేడి పునుగులు వచ్చాయి. అందరూ తిని చేతులు కడుక్కున్నాక లీలావతి గారు లేచి, "ఈ సంఘంలో ఇవాళ మనం ఎంతమందిమి?" అని అడిగారు. హాజరు పట్టీలో పదకొండు సంతకాలున్నాయి. గుమాస్తా రాసుకున్న వివరాల్లో తొమ్మిదిమంది ఉన్నారు. ఖాళీ అయిన పునుగుల ప్లేట్లు పదిహేడు. గోవర్ధనరావు గారు స్వయంగా లేచి వేలు చూపిస్తూ లెక్కపెట్టి ఎనిమిది అన్నారు, తమను లెక్కపెట్టుకోవడం మరిచిపోయారు.

"సంతకాల్లో ఇద్దరు రానివాళ్ళున్నారు, పక్కవాళ్ళు పెట్టేశారు," అన్నారు లీలావతి గారు. "ప్లేట్లలో డ్రైవర్లున్నారు, రెండోసారి తెప్పించుకున్నవారూ ఉన్నారు. గదిలో ఉన్న తొమ్మిదిమందిని లెక్కపెట్టుకోవడం చేతగాని మనం పాలెంలో మనుషులు లేరని రాశామండీ."

గోవర్ధనరావు గారు, "రెండో ప్లేటు నాదేనండీ," అని ఒప్పుకున్నారు. ఆ పూట మొదటి నాలుగు గడులకు సంఘం అంగీకరించింది.

ఆ తర్వాత పని ఎంత ఓపికగా జరిగిందో ఈ తరం ఉద్యోగులు తెలుసుకోవాలి. ముసాయిదాను మండలాలన్నింటికీ పంపి, అభ్యంతరాలకు ముప్ఫై రోజులు గడువిచ్చారు. రెండు వందల పద్నాలుగు అభ్యంతరాలు వచ్చాయి. "ఆడవాళ్ళకు పనిలేక" అని మొదలైన ఉత్తరంతో సహా అన్నింటికీ లీలావతి గారు విడివిడిగా లిఖితపూర్వక సమాధానం ఇచ్చారు. ఉయ్యూరు నుంచి వచ్చిన ఒక అభ్యంతరం, చెరకు కొట్టే కాలంలో కూలీల గుడిసెలు వందలుగా లేస్తాయి, వేసవికి ఒక్కటీ ఉండదు, కనుక ఒక తేదీ చాలదు, ఏ కాలమో కూడా రాయాలని చెప్పింది. దాన్ని వారు కళ్ళకద్దుకుని నమూనాలో చేర్చారు. గుడివాడ వాళ్ళు రెండో ముసాయిదానూ, అవనిగడ్డ వాళ్ళు మొదటి ముసాయిదానూ నింపి మూడు నెలల శ్రమ బూడిదపాలు చేశాక, ప్రతి కాగితం తలమీదా ముసాయిదా సంఖ్య వేయాలన్న నియమం వచ్చింది. పది మంది కూర్చుని ఒక నమూనాకు కట్టుబడడం అంటే ఇదే. దెబ్బ తగిలిన చోటల్లా ఒక నియమం పుడుతుంది, పుట్టిన ప్రతి నియమం వెనకా ఎవరిదో ఒకరి విసుగు ఉంటుంది.

అయిదో గడి మాత్రం కదలలేదు. "పేరు రాయమంటే రేపు లెక్కకు వెళ్ళేవాడెవడండీ? మెమోలొస్తాయని అందరూ సెలవు పెడతారు," అన్నారు గోవర్ధనరావు గారు. ఏడు శాఖలూ, పొయ్యి దగ్గరా తలుపు దగ్గరా కలవని ఏడు శాఖలూ, ఈ ఒక్క విషయంలో అద్భుతంగా ఏకమయ్యాయి.

"పేరు శిక్షించడానికి కాదండీ, వెళ్ళి అడగడానికి," అన్నారు లీలావతి గారు. "నువ్వు చూశావా, విన్నావా, ఎత్తి రాశావా అని అడగడానికి ఒక మనిషి ఉండాలి. అలా అడిగే వీలుంటే ఆ జీపు గవ్వలదిబ్బకు వెళ్ళేది."

నాలుగేళ్ళపాటు ప్రతి సమావేశంలోనూ వారు ఇదే చెప్పారు. ప్రతిసారీ వివరాలు రాసే గుమాస్తా "అయిదవ గడి విషయమై చర్చించడమైనది" అని ఒక్క పంక్తి రాశాడు. వారు ఏమన్నారో రాయలేదు. రాస్తే తర్వాతి ప్రశ్న తన దగ్గరికి వస్తుందని అతనికి తెలుసు. పిరికితనానికి ఇంత శుభ్రమైన దస్తూరీ ఉండడం చూస్తే ఈనాటికీ అసహ్యం వేస్తుంది.

1998 జనవరిలో లీలావతి గారు పట్టుబట్టి సంఘాన్ని గవ్వలదిబ్బకు తీసుకెళ్ళారు. జీపు కరకట్ట మీద ఆగింది, బురదలో అందరూ నడిచారు, గుమాస్తా అందరికంటే వెనక నడిచాడు. పాలెంలో తడికలన్నీ మూసి ఉన్నాయి. "ఖాళీయే కదండీ మరి," అన్నారు గోవర్ధనరావు గారు, పాపం తమకు తోచిన మాట. అప్పుడు చివరి ఇంట్లోంచి వీరమ్మ గారు బయటికి వచ్చారు. కీళ్ళ నొప్పులతో చాలా ఏళ్ళ కిందటే మకాం వెళ్ళడం మానేసి, ప్రతి ఏడూ పాలేనికి కాపలా ఉండేది ఆమే. ఒక తడిక తీసి, పొయ్యి మీద బోర్లించిన కుండ చూపించారు.

"ఇది ఉంటే మడుసులు ఉన్నట్టేనయ్యా. ఎనకటికి ఒకాయన సైకిలేసుకుని వచ్చాడు. ఎండన పడి వచ్చాడే అని నేను కేకేశాను, మంచినీళ్ళు తాగి ఎల్లు బాబూ అని. దిగలేదు. గట్టు మీంచే సూసి ఏదో రాసుకుని ఎల్లిపోయాడు. దిగి నీళ్ళు తాగుంటే మా సంగతి తెలిసేది గదా."

అతను ఆ కేక విన్నాడు. ఆ రోజూ విన్నాడు, పదేళ్ళ తర్వాత ఆ మాట చెబుతుండగానూ విన్నాడు. ఆమె అతన్ని గుర్తుపట్టలేదు. గోవర్ధనరావు గారు బోర్లించిన కుండ వైపు చాలాసేపు చూసి, అక్కడికక్కడే, గట్టు మీద, జీపు బానెట్ మీద కాగితం పెట్టి అయిదో గడికి సమ్మతి తెలుపుతూ సంతకం చేశారు. పదమూడేళ్ళ పరిచయంలో వారు తర్వాతి సమావేశానికి వాయిదా వేయని పని అదొక్కటే. తిరుగు ప్రయాణంలో కోడూరులో టీ కోసం ఆగినప్పుడు లీలావతి గారు గుమాస్తా పక్కకు వచ్చి, ఎవరికీ వినబడకుండా అన్నారు, "1988 పేజీలో అయిదో గడి నేను నింపనండీ. మీరు నింపుతారని ఆగుతాను."

1999 ఏప్రిల్‌లో ఉమ్మడి నమూనా అమలులోకి వచ్చింది. పాత పేజీలన్నింటికీ అయిదు గడులూ అతికించి, బతికున్న వారినల్లా అడిగి నింపారు. 1988 గవ్వలదిబ్బ పేజీలో అయిదో గడి అలాగే ఉంది. లీలావతి గారు ఆగారు. ఒక సంవత్సరం కాదు, ఆరు సంవత్సరాలు ఆగారు. మూడు బల్లల దూరంలో, రోజూ ఎదురుపడుతూ, పిల్లల చదువులు అడుగుతూ, ఒక్క ఎత్తిపొడుపు మాటైనా అనకుండా ఆగారు. అంత మర్యాదకు కూడా కదలని మనిషిని ఏమనాలి?

ఈ జూన్‌లో పై కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. వివరాలన్నీ కంప్యూటర్లకు ఎక్కిస్తున్నారట, తెర మీద చోటు చాలదట, నాలుగు గడులు చాలట. ఆఖరి వాక్యం ఇది: "మీ విభాగపు సొంత రిజిస్టరులోనే 1988 నాటి పేజీకి అయిదవ గడి నింపబడలేదు. ప్రతిపాదించినవారే నింపని గడిని జిల్లా యావత్తూ నింపవలసిన అవసరమేమి?" అభ్యంతరాలకు గడువు జూలై ముప్ఫై. లీలావతి గారి పదవీ విరమణ జూలై ముప్ఫై ఒకటి. అంటే, తొమ్మిదేళ్ళు పోరాడి వారు సాధించిన గడిని కొట్టివేయడానికి, వారు మర్యాద కొద్దీ వదిలిన ఆ ఒక్క చోటే సాక్ష్యంగా పనికి వచ్చింది. ఒక మనిషి పిరికితనం ఎంతదూరం పోగలదో చూడండి.

లీలావతి గారు ఆ ఉత్తరం చదివి, తీసుకెళ్ళి గుమాస్తా బల్ల మీద పెట్టి, తమ చోట కూర్చున్నారు. అతను నెల రోజులు ఆ ఉత్తరం కింద మరో ఫైలు పెట్టి, పైన మరో ఫైలు పెట్టి గడిపాడు. జూలై ఇరవై తొమ్మిదవ తేదీ గురువారం మధ్యాహ్నం మూడు గంటలకు లేచి, బీరువా తీసి, 1988 రిజిస్టరు దించి, అయిదో గడిలో తన పేరు రాసి, వారి ముందు పెట్టాడు. లీలావతి గారు కళ్ళజోడు పెట్టుకుని చూశారు.

"తేదీ వెయ్యలేదేమండీ?"

అతను తేదీ వేశాడు.

"మూడో గడి కూడా ఉంది. ఎవరిని అడిగి రాశారు?"

అతను మళ్ళీ కలం తీసి, మూడో గడిలో రాశాడు: "ఎవరినీ అడగలేదు. పిలిచినా ఆగలేదు. గట్టు మీంచి చూసి రాశాను." లీలావతి గారు ఆ పేజీకి జిరాక్స్ తీయించి, అభ్యంతర పత్రానికి జతచేసి, ఆ సాయంత్రమే పంపించారు. నిర్ణయం ఈ సంచిక అచ్చుకు వెళ్ళేనాటికి ఇంకా రాలేదు. అయిదో గడి తీసేస్తే తీసేస్తారు. ఆ గడిని ప్రతిపాదించినవారే నింపలేదన్న మాట మాత్రం ఇక ఎవరూ అనలేరు.

మర్నాడు పొద్దున్నే వారిద్దరూ కోడూరు బస్సెక్కారు. వీరమ్మ గారు మంచంలో ఉన్నారు, వయసు డెబ్భై దాటింది, చూపు తగ్గింది. "వస్తానన్నాను కదండీ, వచ్చాను," అన్నారు లీలావతి గారు, "రాసిన మనిషిని తీసుకొచ్చాను." పద్నాలుగేళ్ళ కింద ఒక్క మాట అడిగి వెళ్ళిపోతానన్న వీరమ్మ గారు, గుమాస్తాను దగ్గరికి రమ్మని, ముఖంలో ముఖం పెట్టి చూశారు.

"సైకిలాయనవి నువ్వేనా?"

"నేనేనండీ."

"నా కేక ఇనపళ్ళేదా ఆ రోజు?"

"వినబడింది."

ఆమె కోడలిని పిలిచి చెంబుతో నీళ్ళు తెప్పించారు. "కోపం పోలేదయ్యా నాకు. పోదు గూడా. ముందు నీళ్ళు తాగు."

అతను తాగాడు. లీలావతి గారు గుమ్మం దగ్గర నిలబడి అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు. ముప్ఫై ఆరేళ్ళ ఉద్యోగంలో వారి కంట నీరు చూసినవారు మనలో మరెవరూ లేరు.

లీలావతి గారు సంపూర్ణ ఆరోగ్యంతో, ఈశ్వరప్రసాద్ గారు తోడుగా, బిడ్డల సంతోషం కళ్ళారా చూస్తూ, నిండుగా దీర్ఘకాలం జీవించాలి. మనం రాసే ప్రతి అంకెనూ కళ్ళజోడు సవరించుకుని చూసి, తేదీ ఏదని అడిగే ఆ గొంతు మన చెవుల్లో ఇంకా చాలా ఏళ్ళు వినబడుతూ ఉండాలి. వారికి శాలువా కప్పే అర్హత మన విభాగానికి ఉందో లేదో గాని, వారు నేర్పినట్టు రాయగలమని చూపించవలసిన బాధ్యత మాత్రం ఉంది. అందుచేత ఈ వ్యాసం కిందా ఆ అయిదు గడులు నింపుతున్నాం.

దేని గురించి: శ్రీమతి మండవ లీలావతి గారి ఉద్యోగ జీవితం, 1968 నుంచి 2004 వరకు.

ఏ రోజున: 2004 ఆగస్టు అయిదవ తేదీ, గురువారం, మచిలీపట్నం.

ఎవరిని అడిగి: లీలావతి గారిని, గోవర్ధనరావు గారిని, గవ్వలదిబ్బలో వీరమ్మ గారిని. ఈసారి గట్టు దిగి వెళ్ళి అడిగాం.

ఎక్కడి నుంచి ఎత్తి రాశారు: ఎక్కడి నుంచీ కాదు.

రాసినవారు: అంకమ్మరావు, సీనియర్ అసిస్టెంటు. 1988 జనవరిలో గవ్వలదిబ్బ ఖాళీ అని రాసిందీ ఈ చెయ్యే.